వదులు

ఫింటాస్‌లో సముద్రం పక్క సందు.
సాయంత్రం ఐదున్నరైనా బండలింకా కాలుస్తాండాయి.
అరచెయ్యి నేలకానించి పది లెక్కబెట్టి
ఆ తర్వాతనే దాన్ని గేటు దాటిస్తా.

దాని పేరు సిమ్‌సిమ్. అరబీలో నువ్వులని అర్థం.
మేడమ్ లేనప్పుడు నేను 'లు' తీసేస్తా.
"నువ్వూ" అంటే ఒక చెవి తిప్పుతాది.
ఈ ఇంట్లో నేను నువ్వూ అని పిలిచేది దీన్నొక్కదాన్నే.

లోపల పిల్లోళ్ళు తోక గుంజినా గమ్మునుంటాది.
తాడు తగిలిస్తే చాలు, వేరే కుక్క.
మూడో విల్లా తెల్లకుక్క మూల తిరిగిందో లేదో
వీపు మీద బొచ్చు నిక్కి, ముందుకాళ్ళు గాల్లోకి లేపి,
తన గొంతు తానే తాడుకు నొక్కుకుంటా
కోపమో భయమో తెలియని అరుపు.
ఒకసారి నన్ను ఈడ్చి పడేసింది. మోకాటి మీద మచ్చ పోలే.
"పొగరు. రెండు తగిలించు" అన్నాడు పక్కింటి డ్రైవర్ మహబూబ్‌పీరా.
తగిలించినా.
ఆ రాత్రి అది నా చాప దగ్గరికి రాలే.

తెల్లకుక్కను తిప్పేది నేపాలీ ఆమె, టేక్‌మాయ.
మా ఇద్దరి మధ్య ఉండేది పగిలిన అరబీ ముక్కలే.
ఒక శుక్రవారం కుక్క లేకుండా ఎదురొచ్చి
నా చేతిని పట్టి నాకే చూపించింది.
మూడు చుట్లు చుట్టుకున్న తాడు, రక్తం లేని వేళ్ళు.
సిమ్‌సిమ్ కంటే ముందు ఆ మూలను చూస్తాండేది నేనే.
నా బిగువే తాడులోకి దిగి దాని మెడకాడికి పోతాండాది.
ఏదో వస్తాండాది, కాచుకో అని నా పిడికిలి చెప్తాంటే
పాపం, కాచుకుంటాండాది.
పారిపోను దారి లేనిది అరవక ఏం చేస్తాది?

ఇప్పుడు తాడు ఉయ్యాల మాదిరి కిందికి వేలాడాల.
తెల్లది కనిపిస్తే ఆరు ఖర్జూరం చెట్ల దూరంలోనే నిలబడతాం.
అది చూస్తాది. అరవకముందే చీజు ముక్క.
మళ్ళా చూస్తాది. మళ్ళా ముక్క.
చెవులు బిగిసినాయా, వెనక్కి తిరిగి పోతాం, సిగ్గేముంది.
రెండు నెలలకు నాలుగు చెట్లు. పోయిన వారం మూడు.
మొన్న పిల్లి అడ్డమొచ్చి మళ్ళా ఎనిమిది.

ఈ పొద్దు ఫోను మోగింది. మేడమ్. యాడుండావు, ఇంతసేపా అని.
తాడు బిగిసింది.
సిమ్‌సిమ్ ఆగి, తల తిప్పి నన్ను చూసింది.
జేబులో చీజు అయిపోయింది.
"ఏం లేదులే, నువ్వూ" అన్నా.
వేళ్ళు ఒక్కొక్కటే విప్పుకున్నా.