పద్నాలుగో ఎత్తు

ఓడింది నేనే కాబట్టి
కాగితం నా జేబులో భద్రంగా ఉంది.
నలభై ఒక్క ఎత్తులు.
చివర్న నా రాత కొంచెం వణికింది.

కొండమల్లేపల్లి చౌరస్తాలో
మదార్ సాబ్ మోటరు వైండింగు షాపు.
పగలు నల్లగొండలో నన్ను ఓడించిన మనిషి
రాత్రి తొమ్మిదింటికి షట్టరు సగం దించి
రాగి తీగ చుట్టుకుంటూ అన్నాడు:
"పెట్టు బిడ్డా, మల్ల పెట్టు."

పెట్టాను.
తెల్ల ఏనుగు ఒకటి డబ్బాలో లేదు,
దాని జాగాలో పాత బేరింగు.

ముప్పై ఆరు దగ్గర ఆగాను.
ఇక్కడే కదా, ఏనుగును ఇటు జరిపి ఉంటే?
ఆయన తలెత్తలేదు.
నూట పన్నెండు, నూట పదమూడు...
చుట్లు లెక్కపెడుతున్నాడు.
పోనీ ఇరవై తొమ్మిది?
"ఇంకా ఎన్కకు వో."

పద్నాలుగు.
అక్కడ నాకంతా బాగానే ఉండె!
సి ఐదులో ఒక బంటు ముందే ఉంది,
ఈ ఐదుకు ఇంకోదాన్ని తోశాను, ఠీవిగా,
గడియారం మీద కొంచెం గట్టిగానే కొట్టాను.
ఫోన్లో కంప్యూటర్ని అడిగితే
సున్నా పాయింటు నాలుగు అంది, అంతే.
జ్వరం కాదు,
ఒళ్ళు వెచ్చబడటం.

మదార్ సాబ్ తీగ వదిలి
వార్నిష్ మరకల వేలు
రెండు బంట్ల నడిమి గడి మీద పెట్టాడు.
"బంటు ముందుకు వొయ్యింది. ఎన్కకు రాదు.
ఇగ ఈ జాగ ఎవల్ది?"

ఆయన గుర్రం దూకలేదు.
డి రెండుకు, అక్కణ్నించి ఎఫ్ ఒకటికి వెనక్కి,
మళ్ళీ ఈ మూడుకు.
బత్తాయి తోటలో పైపు భుజానేసుకుని
గట్టు చుట్టూ తిరిగొచ్చే మనిషిలాగ.
నాకు నవ్వొచ్చింది అప్పుడు.
దాన్ని తరమగలిగిన నా వాళ్ళను
ఒక్కొక్కరినే, మర్యాదగా,
ఇచ్చిపుచ్చుకున్నట్టు బల్ల దింపేశాడు.
తర్వాత గుర్రం వచ్చి కూచుంది.
పంతొమ్మిది ఎత్తులు కదల్లేదు.
ఎవర్నీ చంపలేదు.
నా ఒంటె మాత్రం సొంత బంట్ల వెనక
తాళమేసిన బడిలో మర్చిపోయిన పిల్లాడైంది.

నలభై ఒకటి.
లెక్కకు ఇద్దరం సమానం,
ఒక్క బంటు ఎక్కువ తక్కువ లేదు.
కానీ ఎత్తు నాది.
ఏది ముట్టుకున్నా ఏదో ఒకటి కూలుతుంది.
కదలకుండా ఉండనిమ్మని బల్లను అడిగాను,
ఆటలో ఆ సౌకర్యం లేదు.

"మోటరు కాలిన దినం అందరొస్తరు,
వాసనకు.
వోల్టేజి లేకున్నా నడిపిన రాత్రి
ఎవలికీ యాదుండది."
మళ్ళీ నూట పద్నాలుగు దగ్గర్నించి మొదలుపెట్టాడు.

షట్టరు వేసేముందు తన కాగితం కూడా నాకే ఇచ్చాడు.
దేవరకొండ ఆఖరి బస్సులో, డ్రైవరు వెనక బల్బు కింద
విప్పి చూశాను.
పదిహేనో ఎత్తు పక్కన పెన్సిలుతో, చిన్నగా:
ఇరవై రెండు నిమిషాలు.

ఆ ఇరవై రెండు నిమిషాలు
నేను బయట చాయ్ తాగుతున్నాను,
ముసలాయనకు ఏం తోస్తలేదని
ఎవరితోనో చెప్పుకుంటూ.