ఓడ అడుగున వచ్చిన కథలు

కార్డిఫ్ రేవులో ఇసుకబస్తాలకు బదులు
పాత పత్రికలు దించేవాళ్ళు.
అమెరికాలో అమ్ముడుపోనివి,
ఖాళీ ఓడ తూలిపోకుండా అడుగున పడేసిన కట్టలు.
బజార్లో మూడు పెన్నీలకొకటి.
ఓడలో పని దొరకని ఒక చలికాలం
నాన్న వాటిని మోశాడు.
సాయంత్రానికి కోటు జేబులో ఒకటి మిగిలిపోయింది.
దొంగతనం కాదే హోదన్,
కాస్త బరువు తగ్గించాను, అన్నాడు.

ముట్టుకుంటే పొడిరాలే కాగితం.
అట్ట మీద, పళ్ళ మధ్య కత్తి కరుచుకుని
తాడు ఎగబాకుతున్న దొర.
కింద నోళ్ళు తెరుచుకున్న సొరచేపలు,
లెక్కపెట్టాను, తొమ్మిది.

నాకప్పుడు పదకొండేళ్ళు.
అమ్మ రెండుసార్లు పిలిచింది,
మూడోసారి దీపం ఆర్పేసింది.
పొయ్యిమూత సందులోంచి వచ్చే ఎర్రటి వెలుగులో
ఒక్కో వాక్యాన్నీ వంగి వంగి పట్టుకున్నాను.
ప్రతి పేజీ చివరా ఎవరో ఒకరు
కొండ అంచున వేలాడుతూనే ఉన్నారు.

ముప్పై ఏడో పేజీలో
బొగ్గు వేసేవాడు వచ్చాడు.
పేరు లేదు. నల్లవాడు అని ఉంది, అంతే.
రెండు వాక్యాలపాటు పళ్ళికిలించాడు,
మూడో వాక్యంలో దొర తుపాకీకి కూలిపోయాడు.

తలెత్తి చూశాను.
ఇరవై రెండేళ్ళు ఓడల కడుపుల్లో బొగ్గు వేసిన
మా నాన్న జామా వార్సమే
బూట్లు విప్పకుండానే నిద్రపోతున్నాడు.

పుస్తకం మూసేయాల్సింది.
మూయలేదు.
దొర బతికాడో లేదో తెలియాలిగా!
ఆ సిగ్గు ఇప్పటికీ ఉంది నాకు,
ఆ ఆత్రమూ ఉంది.

మర్నాడు నాన్నకు చదివి వినిపించాను,
ఆ పేజీ ఒక్కటీ దాటేసి.
నవ్వాడు. నవ్వి నవ్వి దగ్గాడు.
"ఏడెన్‌లో అడవేమిటే?
తాగడానికి నీళ్ళే లేవక్కడ.
రాసినవాడు సముద్రం మొహం చూసుండడు.
మాటకింతని కూలి ఇస్తారేమో పాపం,
అందుకే తుఫాను మూడు పేజీలు."
కాసేపాగి,
"ఊఁ, తర్వాత?"

తర్వాత లేదు.
ఆఖరి రెండు పేజీలు ఎవరో చింపుకుపోయారు,
చేపలు చుట్టడానికో, చుట్ట ముట్టించడానికో.
నోటికొచ్చింది చెప్పాను.
బొగ్గువాడు చావలేదన్నాను.
గుడ్డపీలిక కట్టుకుని లేచాడనీ
ఆవిరి మర తిప్పి ఓడను కాపాడింది వాడేననీ
వాడి పేరు,
పేరు దగ్గర తడబడితే
నాన్న కళ్ళు మూసుకునే అందించాడు.
"కవాలే అని పెట్టు.
నాతో పనిచేసేవాడు. సూరబాయ దగ్గర పోయాడు."
ఎవరీ బొగ్గువాడు, ఇందాక లేడే
అని మాత్రం అడగలేదు.

పదకొండు నవలల్లో
కవాలేను ఏడుసార్లు ముంచాను, ఏడుసార్లు తేల్చాను.
డెబ్బయ్యో ఏట స్వాన్సీ సంతలో
అదే సంచిక దొరికింది, పేజీలన్నీ ఉన్నది.
దొరకి బంగారం దొరికింది, పెళ్ళయింది.
వెనక అట్ట మీద ప్రకటన:
ఇంట్లో కూర్చునే రచయిత కండి,
ఆరు వారాల్లో.

నిన్న న్యూపోర్ట్ నుంచి ఒక పిల్ల వచ్చింది.
నెరిస్ అట, తడిసిన బూట్లు, చంకలో నోటుబుక్కు.
మీ కథల్లో ఆడవాళ్ళు రేవులోనే నిలబడిపోతారెందుకని
గుమ్మంలోనే అడిగింది.
కవాలేకి ఒక చెల్లెలుందట, దిక్సూచి ఆమె దగ్గరుందట.
నాకు కోపం వచ్చింది.
టీ పెట్టే నెపంతో వంటింట్లో చాలాసేపు నిలబడ్డాను.
తిరిగొచ్చి కళ్ళజోడు తుడుచుకుని
చదవమన్నాను.
ముగింపు ఇంకా రాయలేదంది.
బస్సు ఆరింటికి.