బొట్టు పరీక్ష

మార్చి వచ్చినా ఇవానొవోలో
ఊవోద్ నది మంచు దుప్పటి తీయలేదు.
మిల్లు రెండో అంతస్తులో, పొద్దున్న ఆరింటికి,
రిమ్మా యెఫీమొవ్నా
పాలియెస్టర్ గుడ్డ మీద ఒక్క నీటిబొట్టు వదిలింది.

నిలబడింది బొట్టు.
గుండ్రంగా, బిగుసుకుని,
చుట్టపుచూపుగా వచ్చి బూట్లు విప్పనివాడిలా.
గుడ్డ రమ్మనలేదు, పొమ్మనలేదు.
"అంటీ ముట్టనట్టు ఎలా ఉందో చూడు" అంది.
అదే నా మొదటి పాఠం.

ఈ దారానికి పత్తిచేను తెలీదు.
గొట్టాల్లో కాగి, సన్నటి కంతల్లోంచి దిగిన పుట్టుక.
దీనికి రంగు పట్టాలంటే ఒకప్పుడు
మూత బిగించిన కాగులో, నూట ముప్పై డిగ్రీల దగ్గర
ఉడకేసి, మందులు పోసి, మెడలు వంచేవాళ్ళు.
మిగిలిన నీళ్ళు నదిలోకి.
వాళ్ళమ్మ కపితొలీనా వంతెన మీద నిలబడి
లోపల ఏ షిఫ్టు నడుస్తోందో
నీటి రంగు చూసి చెప్పేదట.

ఇప్పుడు ఇనప గది.
పంపు గాలినంతా తోడేస్తుంది.
చిటికెడు ఆక్సిజన్ వదులుతాం, కరెంటు వదులుతాం.
అద్దంలోంచి వంకాయ రంగు వెలుగు.
పొగ లేదు, చిటపట లేదు.
చలిమంట అంటే ఇదే కాబోలు,
మంటే చల్లగా ఉంటుంది.
నలభై సెకన్లు.
వెంట్రుకలో వెయ్యోవంతు లోతున
గుడ్డ ఒంటిమీద గీతలు పడతాయి,
ఆ గీతల్లో ఆక్సిజన్ కొక్కేలై కూర్చుంటుంది.
కంటికి తేడా ఏమీ లేదు.
బొట్టు వేస్తే మాత్రం
ఒక్క క్షణం తటపటాయించి, చతికిలబడి,
పరుచుకుపోయింది.
నేను చప్పట్లు కొట్టాను. ఆవిడ కొట్టలేదు.

"ఇది ఒప్పుకోవడమే. గుర్తుపెట్టుకోవడం కాదు."

రంగుల లారీ వ్లదీమిర్ దగ్గర మంచులో ఆగిపోయింది.
తొమ్మిది రోజులు తానులు అరలోనే.
"చేసిందేగా, ఎక్కడికి పోతుంది" అన్నాడు ఫోర్‌మన్ గ్లెబ్.
పదో రోజు బొట్టు
పూర్తిగా కాదు, సగం లేచి కూర్చుంది.
కొక్కేలు ఒక్కొక్కటే లోపలికి తిరిగి పడుకుంటాయట.
గ్లెబ్ వినలేదు. పియోనీ పూలు అచ్చు వేయించాడు.
మొదటి ఉతుక్కే రేకుల అంచులు పాలిపోయాయి.

ఆవిడ అరచేతి గీతల్లో మాత్రం
పాత కాగుల నీలం,
ఇరవై ఆరేళ్ళుగా ఏ సబ్బుకీ లొంగనిది.

ఆ మధ్యాహ్నం టీ దగ్గర, నేనడక్కుండానే,
కినేష్మాలో ఉన్న చెల్లెలి మాట ఎత్తింది. అగ్నియా.
ఎనిమిదేళ్ళ పంతం తర్వాత పోయిన నెల
ఫోన్ చేసి ఏడ్చిందట, ఒకసారి రమ్మందట.
"మంచు కరగనీ, వెళ్దాంలే అనుకున్నాను.
నిన్న మాట్లాడితే
గొంతు మళ్ళీ గుండ్రంగా ఉంది."

సెలవు కాగితంలో కారణం రాసే గడిలో
ఏదో రాసి, కొట్టేసి,
'సొంత పని' అని రాసింది.

గురువారం బొట్టు నేనే వేశాను.
చెయ్యి వణికింది.
పరుచుకుంది.
టీ తర్వాత తాగొచ్చని
తానుని అచ్చు బల్ల మీదికి తోశాను.