అరుదు, అరుగుదల

మే నెల వచ్చినా కేప్ బ్రెటన్‌ని
మంచు ఇంకా పూర్తిగా ఖాళీ చెయ్యలేదు.
చర్చి కింది గదిలో తడి బూట్ల వాసన, మాడిన కాఫీ వాసన.
పాటపెట్టెల కోసం పాట మొదలైంది.
వేలం వేసేవాడి గొంతులో రాగం లేదు,
అంకెలే.

నలభై ఒకటో నంబరు.
లక్షల్లో తయారైన రకం,
ఈ దీవిలోనే ఏ అటక దులిపినా ఒకటి దొరుకుతుంది.
కానీ దీని ఓక్ చెక్క మీద గోటి గీత లేదు,
బూరకి సొట్ట లేదు,
బంగారు అక్షరాల్లో ఒక్క తోకైనా రాలలేదు.
షెటికాంప్ నుంచి వచ్చిన సిమియోన్
ముట్టుకోకముందే రుమాలుతో వేళ్ళు తుడుచుకున్నాడు.
పదకొండు వందల డాలర్లు.

నలభై రెండు.
రెండేళ్ళు బతికి మూతపడ్డ దుకాణం సరుకు.
లోకంలో మూడే మిగిలాయట,
మూడో దాన్ని చూసినవాడు కూడా పోయాడట.
బూర లేదు.
మూతకి బందు బదులు చెప్పుతోలు ముక్క,
తిప్పే పిడి చూస్తే మీగడ తీసే యంత్రానిది,
అడుగున ఎలక పేర్చుకున్న ఊలు గూడు.
లాక్లన్ బీటన్ ఎత్తిన చెయ్యి దించలేదు.
పందొమ్మిది వందలు.
వెనక వరసలో అతని భార్య మోరాగ్
అల్లుతున్న మేజోడులో కుట్టు జారవిడిచింది.

"ఎంత అరుదైతే ఏం, పళ్ళూడిన పులి" అన్నాడు సిమియోన్.
"పులి పులే. నీది దువ్విన పిల్లి" అన్నాడు లాక్లన్.
ఇరవై ఏళ్ళుగా వింటున్నాను.
ఇద్దరి స్ప్రింగులూ బాగుచేసేదాన్ని,
ఇద్దరికీ తలూపుతాను.

ఆ రాత్రే నా షెడ్డుకి వచ్చారు,
పడవ ఇంజన్ల పక్కన చోటు చేసి పెట్టెలు రెండూ దించారు.

ముందు నలభై ఒకటి విప్పాను.
గ్రీజు ముదురుపాకంలా బిగిసి రాయైపోయింది.
పళ్ళచక్రం మీద ఒరుసుకున్న జాడ లేదు.
ఒక్కసారైనా ఆడి ఉండదు.
ఎవరు కొన్నారో, ఏ రోజున పాట వద్దనిపించిందో,
గుడ్డ కప్పి ఊరుకున్నారు.
ఆ ఊరుకోవడమే ఇవాళ పదకొండు వందలు.

"ఒక్కసారి కీ ఇస్తావా?" సిమియోన్ గొంతు తగ్గింది.
"స్ప్రింగు తెగితే?"
"తెగితే సగం ధర."
అతను బూర అంచులో తన ముఖం చూసుకున్నాడు,
సాగి, వంగి, నిగనిగలాడుతూ.
తర్వాత దుప్పటి చుట్టి
చంటిబిడ్డలా ఎత్తుకుని కారు వైపు నడిచాడు.

లాక్లన్‌కి తొందర.
"ఈ తోలు పీకి ఇత్తడి బందు వెయ్యి.
పిడి మార్చు. మూత లోపలి పెన్సిల్ గీతలు చెరిపెయ్యి."
చూశాను.
నాలుగు నిలువు, ఒకటి అడ్డం,
కట్టలు కట్టలుగా మూతంతా.
ఆడిన రాత్రుల లెక్కో, పోసిన నూనె చుక్కలో,
అమ్మిన గొర్రెలో మరి.
కుడి మూల చెక్క కొంచెం పల్లమైంది,
ఎవరిదో అరచెయ్యి ఎప్పుడూ అక్కడే ఆనేది.
"గీతలు పోవు" అన్నాను.
రబ్బరు నా జేబులోనే ఉంది.

ఎలక గూట్లో ఒక మైనపు గొట్టం దొరికింది.
బూజు మచ్చలు, అంచున పన్ను గాట్లు.
మేకుకి వేలాడుతున్న రేకు బూర తగిలించి
మీగడ పిడి తిప్పాను.
అది మూలిగింది, ఆగింది, మళ్ళీ కదిలింది.

రేకు మీద వాన.
చాలాసేపు వానే.
దాని అడుగున ఎక్కడో ఒక ఫిడేలు
గుమ్మం దాటబోయి వెనక్కి తగ్గినట్టు.
"ఏం పాట అది?" అన్నాడు లాక్లన్.
తెలీదు.

బయట సిమియోన్ కారు
చాలాసేపటిగా గురగురలాడుతోంది.
ఇప్పుడు
ఇంజన్ ఆపేశాడు.