పద్నాలుగో లీకు

రోహిణి కార్తె. అంబత్తూరు ఎస్టేటులో
మధ్యాహ్నం రెండున్నర.
రోళ్ళు పగలడం సామెతలో విన్నాను గానీ
ఇక్కడ తారు మెత్తబడి చెప్పును పట్టుకుంటోంది.

మందుల గోదాము. లోపల ఎనిమిది డిగ్రీలు దాటకూడదట.
కరెంటు బిల్లు చూసి యజమాని గుండె పట్టుకుంటే
నన్ను పిలిచారు.
నా చేతిలో ఉన్నదీ కెమెరానే,
మొహాలు మాత్రం తీయదు;
వేడిని ఎరుపని, చలిని నీలమని
మొహమాటం లేకుండా చెబుతుంది.

సున్నం వేసిన గోడ మనకు తెల్లగోడ.
దానికి మాత్రం ఒళ్ళంతా గాయాలు:
పైపు దూరిన చోట ఒకటి,
ఇటుకకూ బీముకూ పొత్తు కుదరని చోట ఒకటి,
ఏ మేస్త్రీ బీడీ కోసం లేచి వెళ్ళాడో
పూత అందని జానెడు మేర.
పదమూడు లెక్కపెట్టాను.

పద్నాలుగోది వెనక షట్టరు కింద, రేకు నీడలో.
రబ్బరు అరిగి, నీలం నాలుక ఒకటి
బయటి సిమెంటు మీదికి చాచుకుంది.
ఆ నీలంలో, చూస్తుండగానే ఆరిపోతూ
నారింజ రంగు మరక.
ఎవరో కూచుని ఇప్పుడే లేచారు.

"నేనే సారూ," అంది చీపురుతో దేశమ్మ,
నా తమిళంలో ఏం దొరికిందో, తెలుగులోనే.
తాత కాలాన వచ్చారట, మద్రాసు ఊడవడానికి.
"ఈడ కూసుంటే కాళ్ళకి సల్లగుంటది.
డబ్బాలో అన్నం పులవదు."
కెమెరా అడిగి తన చెయ్యి చూసుకుంది.
"అయ్యో, మండిపోతన్నానే!" అని నవ్వింది.

రిపోర్టులో పద్నాలుగూ రాశాను.
ఆ ఒక్క సందుకే నెలకి పదకొండు వేలు.
రాయకపోతే నా లెక్క తప్పుతుంది.
ఇంతకంటే పెద్ద కారణం వెతకలేదు.

మూడు వారాలకి మళ్ళీ పిలిచారు, సరిచూడమని.
నాలుగింటి ఎండ రేకు కిందికి దూరింది.
కొత్త రబ్బరు. గోరు దూరదు.
సిమెంటు ఆ కొస నుంచి ఈ కొసకి ఒకే ఎరుపు.
మేనేజరు కదిరవన్ భుజం తట్టాడు.

ఫొటో తీయబోతే, రబ్బరు మీద ఒక అరచెయ్యి.
ఐదు వేళ్ళూ విడివిడిగా, నీలంగా.
చలి ఇంకా వస్తోందేమోనని
ఎవరో ఇప్పుడే తడిమి వెళ్ళారు.
కాలిన రబ్బరు పక్కన
ఒంటి వేడి కూడా చలువే.

రిపోర్టులో ఇక నీలం కనపడకూడదు.
అది ఎర్రబడేదాకా
నా నీడ దాని మీద పడకుండా
పక్కకి జరిగి నిలబడ్డాను.