యాభై కౌంటు

విడవలూరు దాటి ఎడమకు మళ్ళితే
మాలకొండారెడ్డి మూడో నంబరు గుంట.
ఎకరం ఉప్పునీళ్ళు, లక్షన్నర రొయ్యలు.
ఏరేటర్లు తెల్లార్లూ నురగ చిలుకుతానే ఉంటాయి.
పట్టుబడి శుక్రవారం.
కాలేషా ముందే ఫోన్లో అనేశాడు:
"నీ గుంటలో పావు వంతు పొడి సరుకే రెడ్డీ,
పావుకీ రేటు కోస్తా."

నా పని తూకం.
ఒక కాటా, ఒక పుస్తకం, పెన్సిలు
(తడి చేతికి పెన్ను పారదు),
నెలకు పద్నాలుగు వేలు,
కావలిలో చదివిన స్టాటిస్టిక్సు.

మేత గట్టున నిలబడి వల వేయించాను.
వంద రొయ్యలు, ఒక్కోటీ తూచాను.
సగటు ఇరవై రెండు గ్రాములు.
రెడ్డి మొహం వెలిగింది: నలభై అయిదు కౌంటు!
వాయల పోలయ్య మాత్రం వల పిండుతా
నా వైపు చూడకుండానే అన్నాడు:
"మేతకాడికి ముందొచ్చేది బలిసిందే గదమ్మా.
పెళ్ళిలో మొదటి బంతికి కూర్చున్నోళ్ళని చూసి
ఊరి ఆకలి చెప్తావా?"

యాదృచ్ఛిక ప్రతిచయనం.
పది మార్కులకు రాశాను, ఎనిమిది వచ్చాయి.
గట్టు మారాలని తట్టలేదు.

థర్మాకోల్ తెప్పెక్కాం ఇద్దరం.
నాలుగు మూలలు, నడిమధ్య, తూము దగ్గర,
బురద వాసన కొట్టే ఆ ఈశాన్యం మలుపులో కూడా.
మళ్ళీ తూచాను.
సగటు ఇరవై.
ప్రామాణిక విచలనం మూడు.
రెడ్డి మొహంలో రెండు గ్రాములు తగ్గాయి.

గట్టు మీద తడిమట్టిలో కర్రతో గీశాను.
నడుమ ఎత్తు, రెండు పక్కలా జారుడు.
"పదిహేడుకీ ఇరవై మూడుకీ మధ్య
నూటికి అరవై ఎనిమిది, ఈ బొజ్జలోనే.
మిగిలిన ముప్పై రెండులో సగం అటు, సగం ఇటు.
అంటే పొడి సరుకు పదహారు.
పావు కాదు."

పోలయ్య మాట్లాడలేదు.
వల నడినెత్తిని పిడికిట పట్టి పైకెత్తాడు.
నీళ్ళు కారుతా నూలు దిగజారింది,
అంచున సీసపు గుండ్లు
నేలకు ఆనీ ఆనకుండా.
నా గీతే.
కావలిలో మా సారు దాన్ని గంట అన్నాడు,
ఏ గంటో చెప్పలేదు.

రెడ్డికి ఆశ పుట్టింది.
"ఇట్టాగే గీసి వచ్చే పంట రేటు చెప్పు అమ్మాయా,
తెల్లమచ్చ వస్తదో రాదో చెప్పు."
చెప్పలేనన్నాను.
రొయ్య బరువంటే చిటికెడు మేత, కాస్త ఉప్పు,
ఓ రాత్రి కరెంటు పోవడం, పక్కదాని తోపులాట,
వెయ్యి చిన్న కారణాలు
ఒకదాన్నొకటి అడక్కుండా కలిస్తే ఈ ఆకారం.
మచ్చ అట్టా కాదు, గుంటంతా ఒకేసారి తేలుతుంది.
రేటు ఎవరో ఒకరు ఫోనెత్తితే పడుతుంది.
వాటికి ఈ వల చాలదు.

శుక్రవారం, చీకటితోనే లారీ.
కాలేషా తట్టలోంచి తనే వంద ఏరాడు, తూచాను.
పొడి పందొమ్మిది.
"పదహారన్నావే!" పకపకా నవ్వాడు.
"వందకు మూడో నాలుగో అటూ ఇటూ మామూలే, ఇంకో వంద తియ్యి."
పద్నాలుగు.
మూడో వందకు చెయ్యి పెట్టబోతే
ఐసు కరిగిపోతోందని డ్రైవరు హారన్ కొట్టాడు.
"సరే, పదిహేడు కట్టు," అన్నాడు కాలేషా,
గీతకు ఒక రూపాయి, బేరానికి ఒక రూపాయి ఇచ్చినట్టు.

గుంట అడుగంటింది. ఏరేటర్లు ఆగితే
చెవుల్లో ఏదో తెగిపోయినట్టుంది.
పోలయ్య బురదలోంచి ఒకదాన్ని తీసి నా కాటా మీద పెట్టాడు.
ఇరవై తొమ్మిదిన్నర.
"ఏడొందల నలభైలో ఒక్కటి దొరికితే గొప్ప," అన్నాను.
వేళ్ళు మడిచాడు, విప్పాడు, చాలాసేపు.
"లక్షన్నరలో అయితే రెండొందలు ఉండాల గదమ్మా."
ఉండాల. లారీలో ఉన్నాయి, ఐసు కింద,
యాభై కౌంటు చీటీతో.

దీన్ని మాత్రం తువ్వాల కొసన కట్టుకుని
వల భుజానేసుకుని
గట్టెంబడి పోయాడు.
నా గీత మీదనే నడిచాడు, చూసుకోలేదు.