గోటి మొదట్లో

కాఫీ తాగకుండా రమ్మన్నందుకు
తాయిస్తో నా మీద అలిగాడు.
కుయోపియోలో పొద్దున్నే కాఫీ వద్దంటే
ఊరొదిలి పొమ్మన్నట్టే.

బయట సున్నాకి ఇరవయ్యారు కింద.
లోపల ఇరవైమూడు. ఇరవై నిమిషాలు ఊరికే కూర్చోవాలి,
వేళ్ళు చలిని మరిచిపోయేదాకా.
కిటికీలోంచి బిర్చి చెట్లకేసి చూస్తూ
ఒక్కోదాని వయసూ చెప్పాడు.
నేనడగలేదు.

ఉంగరం వేలి గోటి మొదట్లో ఒక్క చుక్క నూనె.
చర్మం అద్దమైంది.
మైక్రోస్కోపు కింద
సన్నటి ఎర్ర తలపిన్నులు బారులు తీరి ఉండాలి,
మిల్లీమీటరుకి తొమ్మిదో పదో.
లెక్కపెట్టాను. అయిదు.
మళ్ళీ లెక్కపెట్టాను,
చిల్లర పడేసుకున్న మనిషిలా.
ఒకటి బుడగలా ఉబ్బింది,
ఇంకొకటి మెలిపడి ఎటో పోయింది,
మధ్యలో అంతా తెల్లటి ఖాళీ.

"మేం కొట్టేసి వచ్చిన చోటులా ఉంది"
తెర చూసి అన్నాడు, నవ్వుతూనే.
ముప్పై ఒక్క చలికాలాలు
మోటారు రంపాన్ని పట్టుకున్న చెయ్యి అది.
రంపం ఒకవైపే కోస్తుందనుకున్నాడట.

తర్వాత లేజరు.
వేలి మొదట్లో పట్టీ బిగించి మూడు నిమిషాలు నెత్తురాపాను.
వదలగానే గీత ఎగిసిపడాలి,
బడి గంట కొట్టినప్పటి పిల్లల్లా.
ఇది మెట్టుమెట్టుకీ ఆగి
రొప్పుకుంటూ ఎక్కింది.
ఎక్కిందిలే అనుకునేసరికి

ఆసుపత్రి ఆవరణలో ఎవరో రంపం స్టార్టు చేశారు.
మంచుకి విరిగిన కొమ్మ కాబోలు.
తాయిస్తో కదల్లేదు.
కనురెప్ప కూడా కదల్లేదు.
గీత మాత్రం నిలువునా కూలింది.

ఇద్దరం దాన్నే చూస్తూ కూర్చున్నాం.
"ఆ గొలుసుకి పదును లేదు" అన్నాడు కాసేపటికి.
"కుర్రాడెవడో. బలంతో తోస్తున్నాడు."

బయటి శబ్దం పడిన ముక్క లెక్కలోకి రాదు,
కత్తిరించెయ్యాలి.
కత్తిరించాను.
పింఛను ఆఫీసుకి వెళ్ళే కాగితంలో
అయిదు అని ఉంటుంది,
గీత శిఖరానికి చేరిన సెకన్లు ఉంటాయి,
ఆ కూలడం ఉండదు.

కోటు వేసుకుని, కాఫీకి పోతున్నానని చెప్పి వెళ్ళాడు.
పరికరాలు తుడుస్తూ కిటికీ దగ్గరికొచ్చాను.
కాఫీ వైపు కాదు, కొమ్మ వైపు నడిచాడు.
కుర్రాడి చేత రంపం ఆపించి,
ఆ చలిలో
చేతితొడుగు తీసి
గొలుసు పళ్ళని ఒక్కొక్కటే తడిమి చూస్తున్నాడు,
ఆ వేలితోనే.